ముందు పాస్‌పోర్టు ఫొటో, తర్వాతే పెళ్లి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవమని పత్రికలు మంచి బొమ్మలు వేస్తాయి. 1839లో అదే రోజున డాగెరోటైప్ పద్ధతిని ఫ్రాన్సులో లోకానికి వెల్లడించారు కాబట్టి ఆ తేదీ. బాగానే ఉంది. కానీ ఆ బొమ్మలు చూసి హుషారెక్కి, డిగ్రీయో బీటెక్కో చదువుతూనే కెమెరా పట్టి నాలుగు రూపాయలు సంపాదించుకుందామనుకునే పిల్లలకు పనికొచ్చే మాట ఎక్కడా అచ్చవదు. కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు అలాంటి పిల్లలు ఇప్పుడు వీధికొకరు కనిపిస్తున్నారు. అందరి నోటా మొదటి ప్రశ్న ఒకటే: ఏ కెమెరా కొనాలి? అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఏ పనితో మొదలుపెట్టాలన్నది. పాస్‌పోర్టు ఫొటోతో మొదలుపెట్టమంటాం, ఈ పనిలోనే ఉన్న మేము. నవ్వొచ్చినా సరే.

పెళ్లిలో తప్పు జరిగితే దిద్దుకునే వీలుండదు. తాళి రెండోసారి కట్టించలేం. పాస్‌పోర్టు ఫొటో చెడితే ‘అన్నా, ఇంకొక్కటి’ అని మళ్లీ తీయొచ్చు. పోయేది ఒక కాగితం. అయినా వెలుతురు, దూరం, రంగు, కొలత, ప్రింటు, గిరాకీతో మాట ఇవన్నీ ఆ చిన్న ముక్కలోనే ఉన్నాయి. అది సరిగా తీయడం రాకుండానే పెళ్లి ఒప్పుకుంటున్నారన్నదే మా బాధ.

కొలత 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. అందులో ఎక్కువ భాగం, గడ్డం నుంచి నడినెత్తి దాకా, ముఖమే ఉండాలి. మనవాళ్లు సాధారణంగా భుజాలు, చొక్కా జేబు కూడా కనిపించేలా తీస్తారు. ముఖం చిన్నదై ఫొటో వెనక్కి వస్తుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఇది 413, 531 పిక్సెళ్లు. 4×6 అంగుళాల కాగితం మీద అడ్డంగా నాలుగు, నిలువుగా రెండు, మొత్తం ఎనిమిది పడతాయి. నాలుగు వైపులా దాదాపు 6 మిల్లీమీటర్లు మిగులుతుంది. ముక్కల మధ్య కత్తిరించే సందు ఆ మిగులులోంచే తీసుకోవాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ప్రింటరులో బోర్డర్‌లెస్ పెడితే అది బొమ్మను కాగితం అంచులు దాటేలా కాస్త సాగదీస్తుంది. 35 మిల్లీమీటర్లు 36 అవుతుంది, పక్కవాటి అంచులు తెగిపోతాయి. అసలు కొలతలోనే, బోర్డరుతోనే ప్రింటు తీసి, స్కేలు పెట్టి ఒకసారి కొలుచుకుంటే ఆ బాధ ఉండదు.

మనిషిని గోడకు ఆనించి నిలబెట్టకూడదు. గోడకూ మనిషికీ మధ్య నాలుగైదు అడుగులు వదలాలి. లేకపోతే చెవి వెనక నల్లటి నీడ పడుతుంది. దాన్ని ఫొటోషాపులో చెరిపే తొందరలో చెవి అంచూ పోతుంది. అయితే దూరం జరిపితే ఇంకో చిక్కు ఉంది. దీపానికి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి తెల్లగోడ బూడిద రంగులో వస్తుంది. గోడకు విడిగా ఒక లైటు వేయడమే మందు. దీపాలు కొనే స్తోమత లేనప్పుడు ఉత్తరం వైపు కిటికీ చాలు. రోజంతా ఒకే తీరు వెలుతురు ఇస్తుంది. ముఖానికి రెండో వైపున తెల్ల థర్మోకోల్ అట్ట నిలబెడితే ఆ చెంప నల్లబడదు. కిటికీ దగ్గర తీసేటప్పుడు లోపలి బల్బు ఆర్పాలి. లేకపోతే ముఖం సగం పసుపుపచ్చగా, సగం నీలంగా వస్తుంది. ఆ తేడాను కంప్యూటరులో సరిచేయడానికి పట్టే సమయంలో పదిమందికి ఫొటోలు తీయొచ్చు.

ఫోనుతో అయినా, కెమెరాతో అయినా ఐదారు అడుగుల దూరం నుంచి, కంటి ఎత్తులో పెట్టి, జూమ్ చేసి తీయాలి. రెండడుగుల నుంచి తీస్తే ముక్కు పెరిగి చెవులు వెనక్కి పోతాయి. కళ్లద్దాలు ఉంచుకోవచ్చన్న ఫొటోల్లో వాటి మీద లైటు మెరుస్తుంటే చెవుల దగ్గర కాడల్ని కాస్త పైకెత్తమంటే సరి. అద్దం కిందికి వాలుతుంది, మెరుపు పోతుంది. తెల్లచొక్కా వేసుకొచ్చినవారు తెల్లగోడలో కలిసిపోతారు. రెండు సైజుల్లో ముదురు రంగు చొక్కాలు దగ్గర పెట్టుకోవడం పాత స్టూడియోల తెలివి. పసిబిడ్డనైతే నేల మీద తెల్లదుప్పటి పరిచి పడుకోబెట్టి పైనుంచి తీస్తారు. తీసేవాడి నీడ బిడ్డ మీద పడకుండా కిటికీకి ఎదురుగా నిలబడాలి.

‘ఏమబ్బీ, కొంచెం తెల్లగా చెయ్యరాదా’ అని అడగని గిరాకీ ఉండరు. చేయకూడదు. పాస్‌పోర్టుకూ పరీక్షకూ ఫొటోలో ఉన్న మనిషే ఎదురుగా నిలబడాలి. చామనఛాయ మనిషిని పాలరాయిలా మార్చి పంపితే రేపు తనిఖీ దగ్గర ఇబ్బంది పడేది మనం కాదు, వాళ్లు. ఫోను యాప్‌తో వెనక గోడ తీసేయించడమూ అంతే. జుట్టు అంచులు ఎలుక కొరికినట్టవుతాయి.

పరీక్షల నోటిఫికేషన్లు పడ్డప్పుడు ఈ పనికి హాస్టళ్లలోనే గిరాకీ ఉంది. బ్యాంకు పరీక్షల దరఖాస్తులో ఫొటో 200, 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ లోపు. సంతకం 140, 60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ లోపు. కేబీ తగ్గించాలని నాణ్యతను నొక్కేస్తే ముఖం గళ్లుగళ్లుగా విరుగుతుంది. ముందు పిక్సెళ్లు తగ్గించి, తర్వాత నాణ్యత ముట్టుకోవాలి. సంతకం తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో, ఇంగ్లిషు క్యాపిటల్ అక్షరాలు కాకుండా పెట్టించాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఈ నాలుగూ తెలిసిన విద్యార్థికి జిరాక్సు షాపు కంటే మంచి పేరు వస్తుంది.

రెండో మెట్టు వస్తువుల ఫొటోలు. ప్రొద్దుటూరు బంగారానికీ బట్టలకూ పేరున్న ఊరు. ఒంటిమిట్ట పక్కన మాధవరంలో పట్టుచీరలు నేస్తారు. వ్యాపారమంతా ఇప్పుడు వాట్సాప్ మీద నడుస్తోంది గానీ, పంపే ఫొటోలు చూస్తే కొనాలనిపించదు. చీర రంగు ఫొటోలో ఒకటి, చేతికొచ్చాక ఒకటి. వాపసులకు సగం కారణం ఇదే అయినా నింద నేతగాడి మీద పడుతుంది. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఒక రంగు ఉన్న చీర చూసే కోణాన్ని బట్టి రంగు మారుస్తుంది. అందుకే ఒకే చీరను మడతలో ఒకటి, కొంగు పరిచి ఒకటి, అంచు దగ్గరగా ఒకటి, కనీసం మూడు తీయాలి. రంగు తప్పకుండా ఉండాలంటే రెండు బల్బులూ ఒకే కంపెనీవి, ఒకే వాట్లు, పెట్టె మీద సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే లెక్క) 90కి పైన అని రాసినవి వాడాలి. మొదటి ఫొటోలో బూడిదరంగు కార్డు పెట్టి తీస్తే మిగతావన్నీ దాని ప్రకారం సరిచేసుకోవచ్చు.

నగలకు ఒక అట్టపెట్టె చాలు. పైనా రెండు పక్కలా కిటికీలు కోసి బటర్ పేపరు అతికించాలి. లోపల తెల్ల చార్టును వెనక నుంచి కిందికి మడత పడకుండా వంపుగా జార్చాలి. లైట్లు బయటినుంచే. కెమెరా స్టాండు మీద, ఐఎస్ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) 100, లెన్సు రంధ్రం ఎఫ్/8 నుంచి ఎఫ్/11, రెండు సెకన్ల టైమరు. బంగారం అద్దం లాంటిది, ఎదురుగా ఉన్నదే అందులో కనిపిస్తుంది. కెమెరా నల్లగా, మన చొక్కా ఎర్రగా నగలో దిగబడతాయి. తెల్లకాగితానికి లెన్సు పట్టేంత రంధ్రం చేసి అడ్డం పెడితే పోతాయి. ఆన్‌లైన్ అంగళ్ల కోసమైతే సాధారణంగా వెనక పూర్తి తెలుపు, ఫ్రేములో 85 శాతం వస్తువు, పొడవు వైపు కనీసం 1000 పిక్సెళ్లు ఉంటే మంచిది. ఒకటి మాత్రం జాగ్రత్త. నగలు మన గదికి తెచ్చుకోకూడదు, అంగట్లోనే, యజమాని ఎదురుగానే తీయాలి. పోయిన ముక్కుపుడక లెక్క ఎప్పుడూ కుర్రాడి మీదికే వస్తుంది.

ఇక పెళ్లి. ఏడాది పాటు ఎవరో అనుభవజ్ఞుడి పక్కన రెండో కెమెరాగా తిరిగాకే సొంతంగా ఒప్పుకోవాలి. అక్కడ చెడిపోయేవి చాలావరకు ముందే తెలిసినవే.

మొదటిది హాలు లైట్లు. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తాలు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టరు వేగం సెకనులో 1/250వ వంతు పెట్టి తీస్తే ఫొటోలో అడ్డపట్టీలు పడతాయి, ఒకటి వెలుగుగా ఒకటి మసకగా. 1/50 లేదా 1/100కు దిగితే చాలావరకు పోతాయి. వీడియోకైతే సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50. సెకండ్ హ్యాండులో విదేశం నుంచి వచ్చిన కెమెరాలో 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఆవర్తాలు) అమరిక ఉండిపోవచ్చు, మార్చుకోవాలి. వేదిక వెనక ఎల్‌ఈడీ గోడ పెడుతున్నారు, దాని మినుకు వేరు. పెళ్లికూతురు రాకముందే నాలుగు షట్టరు వేగాలతో తీసి చూసుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఫ్లాషును పైకప్పుకు కొట్టి వెలుతురును కిందికి దించమని వీడియోల్లో చెబుతారు. ఎర్ర షామియానా కింద అది చేస్తే ముఖాలన్నీ ఎర్రబడతాయి. ఇరవై అడుగుల ఎత్తున్న ఫంక్షన్ హాల్లో చేస్తే వెలుతురు తిరిగి రాదు. ఫ్లాషుకు తెల్లఅట్ట కట్టి ముందుకు వంచుకోవడమే మేలు. మన జిల్లాకే ప్రత్యేకమైనది ఇంకొకటి ఉంది. పాత ఇళ్లలో నేల కడప రాయి. తెల్ల పాలరాయి నేల కింది నుంచి కాస్త వెలుతురు పైకి పంపుతుంది, నల్లబండ మింగేస్తుంది. కళ్ల కింద, గడ్డం కింద నీడలు గుంటల్లా పడతాయి. పెళ్లికూతురిని చేసేటప్పుడు ఫ్రేములోకి రాకుండా ముందు ఒక తెల్లదుప్పటి పరిస్తే ఆ ముఖం వేరుగా ఉంటుంది.

ముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. చాలామంది కొత్తవాళ్లు తాళి కట్టడాన్నే ముహూర్తమనుకుని, అడ్డతెర పట్టినప్పుడు బ్యాటరీ మారుస్తుంటారు. పురోహితుణ్ణి ముందు రోజే కలిసి వరుస అడిగి రాసుకోవాలి. మీరు ఎక్కడ నిలబడతారో ఆయనకు చెప్పాలి. ఆయన భుజం అడ్డం వచ్చిందని తర్వాత ఏడ్చి లాభం లేదు. తాళి సమయానికి బంధువులంతా ఫోన్లు పైకెత్తి ముందుకు వస్తారు. అడుగున్నర ఎత్తు స్టూలు అప్పుడు లక్ష రూపాయల లెన్సు కంటే విలువైనది. ఫ్లాషు పూర్తి శక్తిలో పెడితే మళ్లీ నిండడానికి కొన్ని సెకన్లు పడుతుంది, మూడు ముళ్లలో ఒకటి అందులో పోతుంది. నాలుగో వంతు శక్తిలో పెట్టి ఐఎస్ఓ పెంచుకోవాలి, ముహూర్తానికి ముందు కొత్త సెల్లులు వేసుకోవాలి. తలంబ్రాల్లో బియ్యపు పిండీ పసుపూ లెన్సు చుట్టూ చేరతాయి. లెన్సు ముందు హుడ్ (గొట్టం లాంటి తొడుగు) తగిలించి ఉంచాలి, ఆ సమయంలో లెన్సు మార్చకూడదు. హోమం పొగలో ఆటోఫోకస్ వెతుక్కుంటూ ఉండిపోతుంది. ఒకే పాయింటు పెట్టి బాసికం అంచు మీదో, పట్టుచీర అంచు మీదో ఫోకస్ పట్టాలి. పొగకు ఎదురుగా ఫ్లాషు కొడితే పొగే వెలుగుతుంది, పక్కకు జరగాలి.

పెళ్లికొడుకు తెల్లపంచె, ముదురు చాయ ముఖం. కెమెరా పంచెను చూసి మొత్తం చీకటి చేస్తుంది. ముఖానికి సరిపడా తీసి, పంచె మడతలు పోలేదని హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల పంపకం చూపే గ్రాఫు) చూసుకోవాలి. రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే మూలఫైలు) తీస్తే కొంత వెనక్కి లాక్కోవచ్చు. జేపెగ్‌లో పోయిన తెలుపు పోయినట్టే.

కార్డుల సంగతి విడిగా చెప్పాలి, కొంపలు మునిగేది అక్కడే. 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన గంటకు 45 జీబీ తింటుంది. కార్డు మీద వి30 అని ఉంటే సెకనుకు కనీసం 30 ఎంబీ రాస్తుందని అర్థం, అంతకు తక్కువది వీడియోకు వద్దు. చవకగా వచ్చిన పెద్ద కార్డు మీద 256 అని ఉంటుంది, లోపల 32 ఉంటుంది. నిండాక రాసినదంతా గాలిలో కలుస్తుంది. కొన్న రోజే కంప్యూటరులో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో నింపి చూడాలి. కెమెరాకు ఒకే కార్డు గది ఉంటే ఒక్క పెద్ద కార్డు బదులు 64 జీబీవి మూడు వాడి, ముహూర్తం అయ్యాక ఆ కార్డును తీసి వేరే జేబులో పెట్టాలి. రెండు చోట్ల కాపీ అయ్యేదాకా ఫార్మాట్ చేయకూడదు. చేసేది కెమెరాలోనే. పొరపాటున చెరిగితే ఆ కార్డు మీద మరొక్క ఫొటో కూడా తీయకుండా ఆపేసి, ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో వెతికితే చాలావరకు దొరుకుతాయి. కంగారులో ఇంకో నాలుగు తీస్తే అవి పాతవాటి మీద కూర్చుంటాయి.

మన ఎండ తెలిసిందే. వైశాఖంలో 42, 43 డిగ్రీలు మామూలు. ఎండలో 4కె ఆపకుండా తీస్తే చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలు వేడెక్కి ఆగిపోతాయి. ముక్కలుగా తీయాలి, తెరను వెనక్కి తెరిచి ఉంచాలి, కెమెరా మీద తెల్లగుడ్డ కప్పాలి. వేడిగా ఉన్న బ్యాటరీని వెంటనే చార్జింగుకు పెట్టకూడదు. తేమ తక్కువ కాబట్టి లెన్సుకు బూజు భయం మనకు కొంత తక్కువే, ధూళి భయం మాత్రం ఎక్కువ. సెన్సరు మీద ధూళి ఉందో లేదో తెలియాలంటే ఎఫ్/16లో ఆకాశాన్ని తీసి చూడాలి. మచ్చలుంటే రబ్బరు బ్లోయరు వాడాలి. నోటితో ఊదితే ఉమ్మి పడుతుంది.

ఆల్బమ్ ఇంటిపని అనుకుంటారు గానీ డబ్బంతా అక్కడే ఆవిరవుతుంది. పెళ్లి ఆల్బమ్‌లో వాడే కరిజ్మా షీటు 12×36 అంగుళాలంటే 3600, 10800 పిక్సెళ్లు. మధ్యలో మడత ఉంటుంది. పెళ్లికూతురు ముఖం దాని మీద పడితే షీటు మళ్లీ కొట్టించాల్సిందే. కంప్యూటరు తెర వెలుతురు పూర్తిగా పెట్టుకుని రంగులు దిద్దితే ల్యాబ్ నుంచి చీకటిగా వస్తుంది. మొదటిసారి ఒక ల్యాబుకు పంపేముందు ఒక చిన్న ప్రింటు కొట్టించి తెర పక్కన పెట్టి చూసుకోవాలి.

రేటు ఎలా కట్టాలో చాలామందికి తెలియదు. ఒకరోజు పెళ్లి అనుకుందాం. తీయడానికి 10 గంటలు, రెండువేల ఫొటోల్లోంచి నాలుగువందలు ఏరి దిద్దడానికి 12, షీట్లు పేర్చడానికి 18, మొత్తం 40 గంటలు. అరవైవేల కెమెరా మూడేళ్లు, ఏడాదికి నలభై పనుల చొప్పున వాడితే ఒక్కో పనికి అరుగుదల 500. ఆల్బమ్ ఖర్చు పక్కన పెట్టి, చేతికి ఆరువేలు తీసుకున్న కుర్రాడు అరుగుదల, పెట్రోలు, కార్డులు పోను గంటకు నూటయాభై కూడా చూడడు. ‘నాలుగు పోటోలకు ఇంత దుడ్డా?’ అనేవారికి ఈ నలభై గంటలు విడమరిచి చెప్పగలగాలి. చెప్పలేక సగానికి ఒప్పుకుంటే తన కడుపే కాదు, కుటుంబాన్ని ఇదే పనితో సాకే స్టూడియోవాళ్ల కడుపూ కొట్టినట్టే. డబ్బు మూడు విడతల్లో తీసుకోవాలి: ఒప్పుకున్న రోజు, పెళ్లి రోజు, ఆల్బమ్ ప్రింటుకు వెళ్లేముందు. మూడోది ఆల్బమ్ చేతికిచ్చాక అనుకుంటే రాదు. వేరేవాళ్ల పెళ్లి ఆల్బమ్‌ను మనం ఇంకెవరికీ అమ్ముకోలేం.

కాగితం రాసుకోవాలి. తేదీ, హాలు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎన్ని షీట్లు, ఎన్నాళ్లలో, రా ఫైళ్లు ఇస్తామా లేదా, పెళ్లి వాయిదా పడితే అడ్వాన్సు ఏమవుతుంది, కెమెరా మొరాయిస్తే ఏం తిరిగిస్తాం. ఒక పేజీ చాలు. పద్దెనిమిది నిండని ఇంటర్ పిల్లలు చేసుకున్న ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ముందు నిలవదు, ఇంట్లో పెద్దవారు సంతకం పెట్టాలి. ఇంకొకటి పిల్లలకు అస్సలు తెలియదు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవారే. మన ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టుకోవాలంటే ఆ కాగితంలో ఒక వాక్యం రాయించుకోవాలి. ఓణీల ఫంక్షను ఫొటోల విషయంలో మాట తేడా లేదు. ఆ ఆడపిల్లలు మైనర్లు. తల్లిదండ్రులు రాసిస్తే తప్ప ఒక్కటి కూడా పేజీకెక్కకూడదు, స్నేహితుడి ఫోనుకూ పోకూడదు.

పన్నుల భయం కొంత అనవసరం. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు, నమోదు లేకుండా బిల్లులో జీఎస్టీ వసూలు చేయనూ కూడదు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఆధార్‌తో ఉచితంగా జరుగుతుంది, డబ్బు అడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర పథకం ముద్రలో శిశు అనే విభాగం కింద 50 వేల దాకా అప్పు ఉంది. అయితే ముహూర్తాలు లేని ఆషాఢంలో, పుష్యంలో, మూఢంలో కూడా వాయిదా కట్టాలన్న సంగతి గుర్తుంచుకుని తీసుకోవాలి.

ఆ ఖాళీ నెలలు చదువుకు మంచివే. చిక్కు వైశాఖంతో. సెమిస్టరు పరీక్షలు, దండిగా ముహూర్తాలు ఒక్కసారే మీద పడతాయి. హాజరు 75 శాతం కంటే తగ్గితే పరీక్షకు కూర్చోవడమే కష్టమవుతుంది. పరీక్షల తేదీలు వచ్చేదాకా వైశాఖంలో పెళ్లి ఒప్పుకోకపోవడం, ఒప్పుకున్నా సెలవురోజుకు మించకపోవడం మంచిది. చదువుతో పాటు ఇదేం పని అనేవారికి ఒక మాట. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీస్తూనే కెమెరా పట్టినవాడు.

ఇప్పుడు కెమెరా. షట్టరు కౌంటు (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందన్న లెక్క) చూసి, బిల్లు, సీరియల్ నంబరు సరిపోల్చి, బ్యాటరీ ఉబ్బలేదని చూసుకుని కొన్న సెకండ్ హ్యాండు ఏపీఎస్-సి కెమెరా (ఫుల్ ఫ్రేము కంటే చిన్న సెన్సరు ఉన్నది), దాంతో వచ్చే 18-55 లెన్సు, ఒక 50 ఎఫ్/1.8 లెన్సు, ఒక ఫ్లాషు, రెండు బ్యాటరీలు. మొదటి రెండేళ్లకు ఇవి చాలు. మిగిలిన డబ్బు లైట్ల మీద పెట్టాలి.

కళాశాలల యాజమాన్యాలకు ఒక విన్నపం. వార్షికోత్సవం, ఫ్రెషర్స్ డే, సెమినార్ వస్తే కెమెరా ఉన్న విద్యార్థిని పిలిచి ‘అనుభవం వస్తుందిలే’ అని రోజంతా ఉచితంగా తిప్పుతున్నారు. అదే వేడుకకు ఫ్లెక్సీకి, షామియానాకు, సౌండుకు బిల్లు కడుతున్నారు. ఆ కుర్రాడికీ వోచరు రాసి, చిన్నదైనా డబ్బు ఇవ్వండి. ఫొటో కింద పేరూ వేయండి. అతని మొదటి బిల్లు పుస్తకం కాలేజీ నుంచే మొదలవుతుంది.

అధికారులకు ఇంకొకటి. ప్రీ వెడ్డింగ్ షూటంటే మన జిల్లాలో అందరూ గండికోటకే పోతారు. కడప నుంచి సుమారు 80 కిలోమీటర్లు. పెన్నా లోయ మీద ఉదయపు వెలుతురు కోసం చీకటితోనే బయలుదేరి వెళ్తే, స్టాండు వాడొచ్చా, లైట్లు పెట్టొచ్చా అన్నదానికి తలా ఒక జవాబు వస్తుంది. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో చేత్తో పట్టుకుని మామూలు ఫొటోలు తీసుకోవడానికి అడ్డు లేదు. స్టాండు, లైట్లు, వ్యాపార చిత్రీకరణ అంటే ముందు అనుమతి కావాలి. డ్రోను సంగతి మరీ గందరగోళం. 2021 నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటని నానో డ్రోనుకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అక్కడి నుంచి 2 కిలోల దాకా ఉన్న మైక్రో డ్రోనును సరదాకు ఎగరేస్తే అక్కర్లేదు గానీ, డబ్బు తీసుకుని ఎగరేస్తే కావాలి. ఎక్కడ ఎగరేయొచ్చో పటంలో చూసుకోవాలి, కడపలో విమానాశ్రయం ఉందని మరవకూడదు. కోట ద్వారం దగ్గర ఇవన్నీ తెలుగులో ఒక బోర్డు మీద రాసి పెట్టించండి: ఏది ఉచితం, దేనికి అనుమతి, ఆ అనుమతి ఎవరిని అడగాలి, ఎన్ని రోజుల ముందు అడగాలి. లోయ అంచున ఫ్రేము చూసుకుంటూ వెనక్కి అడుగులు వేయవద్దన్న మాట కూడా అదే బోర్డు మీద, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాయించండి.

ఇట్లు,
కడప, ప్రొద్దుటూరులలో ఫొటో, ఆల్బమ్ పనిలో ఉన్న కొందరు